జత కుదరని కంచు బిళ్ళలు

"జత అంటే జతలా ఉండాలి వదినా. ఈ బిళ్ళ మీద పొట్టేలు చెవి చివర చీలి ఉంది. ఆ బిళ్ళ మీద దాని చెవేమో సగానికి తెగి ఉంది. దీన్ని జత అని ఎవరన్నా అంటారా?"

"మైనం అలా కారింది మరిదీ."

"ఇరవై ఏళ్ళుగా నీ చేతిలో మైనం ఒక్కసారి కారలేదు. ఇప్పుడే కారిందా? కరిగించు. మళ్ళీ పోద్దాం."

"ఐదు రోజుల్లో ఇచ్చెయ్యాలి. కొత్త మూస ఆరడానికే ఆరు రోజులు. బయట వాన చూశావా?"

"వాన మీద పెట్టకు. పని చెడితే చెడిందని చెప్పు."

"నీ మొహం ఎప్పుడైనా నీళ్ళలో చూసుకున్నావా? ఎడం చెవి కుడిదానికంటే వేలెడు పొడుగు. మీ అమ్మ నిన్ను కరిగించి మళ్ళీ పోసిందా?"

కొలిమి దగ్గర తిత్తులు తొక్కేవాళ్ళిద్దరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు. తడిక బయట నిలబడి ఉన్న నాకూ నవ్వొచ్చింది. ఆ మాటతో గోంగ్ షౌ చేతిలో బిళ్ళల్ని ఇసుక మీద పడేసి వెళ్ళిపోయాడు. ఆ కొలిమి అతనిదే. అయినా అయిలున్‌తో మాటల్లో గెలిచిన రోజు ఒక్కటీ లేదు. ఆమె అతని చనిపోయిన అన్న పెళ్ళాం. పులినీ పొట్టేలునీ కొమ్ముల దుప్పినీ సరిహద్దు గోడ అవతలివాళ్ళకి నచ్చేలా, కంచు పొయ్యడానికి మైనంలో చెక్కగలిగిన చెయ్యి మా ఊళ్ళో ఆమెదొక్కటే. ఆ చెయ్యి ఆగితే కొలిమి ఆగుతుంది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

గోడ అవతల గొర్రెలూ గుర్రాలూ మేపుకునేవాళ్ళని మేం హు జనం అంటాం. వాళ్ళకీ మా సంతకీ మధ్య దుబాసీ పని నాది. నాన్న గోడ మీద కాపలా సిపాయి, అమ్మ హు మనిషి. నన్ను తీసుకెళ్ళి జిల్లా ఊళ్ళో రాయసగాళ్ళ బడిలో వేశారు. చట్టాలు బట్టీ పట్టలేక రెండో ఏడు వదిలేసి వచ్చేశాను. అక్కడ నేర్చిన అక్షరాలు మాత్రం మిగిలాయి. అవి ఇన్నాళ్ళకి ఈ సంగతి రాయడానికి పనికొచ్చాయి.

గోంగ్ షౌ వెళ్ళాక లోపలికి వెళ్ళి బిళ్ళలు చేతిలోకి తీసుకున్నాను. ఇంకా కళాయి పూత పడలేదు, ఎర్రగానే ఉన్నాయి. నడుం పట్టీకి ముందువైపు ఎదురెదురుగా కుట్టుకునే జత. ఒక్కో బిళ్ళ మీదా ఒక పులి, దాని నోట్లో పొట్టేలు మెడ. పొట్టేలు ముందు కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి, నడుం దగ్గర ఒళ్ళు మెలి తిరిగి వెనక కాళ్ళు ఆకాశం చూస్తున్నాయి. గోంగ్ షౌకి ఆ మెలికే పెద్ద తప్పులా కనిపిస్తుంది. ఏ జంతువూ అలా తిరగదంటాడు. పులి పట్టిన గొర్రెని ఒక్కసారి చూసినవాడు ఆ మాట అనడని అయిలున్ అంటుంది.

గొర్రెల ఇంట్లో పుట్టినవాడు జంతువుని చూస్తే ముందు చెవి చూస్తాడు. నాకు నడక రాకముందే మా అమ్మ చెవులు నేర్పింది. పైన గాటు పెడితే ఎవరి మంద, కింద గాటు పెడితే ఎవరి మంద, నడిమధ్యన చిల్లు పెడితే ఎవరిది. సగానికి తెగ్గోసిన చెవి కనిపిస్తే మాత్రం అమ్మ ఏమీ చెప్పేది కాదు, మొహం తిప్పుకునేది. సగానికి కోసేస్తే అంతకు ముందు ఏ గుర్తున్నా దానితోపాటే పోతుంది. సగం చెవినే తన గుర్తుగా పెట్టుకున్నవాణ్ణి మొహం మీద ఎవరూ ఏమీ అనరు. వాడి మంద పక్కన తమ మందని మాత్రం ఆపరు.

నా చేతిలో ఒక పొట్టేలు చెవికి పిచ్చుక తోకలా చీలిక ఉంది. రెండోదాని చెవి సగానికి తెగి ఉంది. మిగతా ప్రతి గీతా, పులి మీసంతో సహా, అద్దంలో బొమ్మలా సరిపోయింది. ఇది మైనం కారడం కాదు.

ఆమె నన్నే చూస్తోంది.

"నీకు కనబడింది కదూ," అంది, హు మాటల్లో. నాతో ఆమె ఆ మాటల్లో మాట్లాడటం అదే మొదటిసారి. "మీ అమ్మ బాగానే పెంచింది. ఇంక నోరు మూసుకో."

నోరు మూసుకున్నాను. దానికి బదులుగా ఆమె నోరు విప్పింది.

ఆ బిళ్ళలు చేయించుకుంటున్నది బోర్కు. ఉత్తరాన ఉప్పు చెరువు చుట్టూ ఉన్న గుడారాలన్నిటికీ ఈ ఏడు అతను పెద్ద అవుతున్నాడు. వేసవి మొదట్లో వాళ్ళబ్బాయి యెషిన్ వచ్చి పని చెప్పాడు. అప్పుడు దుబాసీని నేనే. గుర్రాలు బలిసిన నెలలో అందరూ కలిసే చోట మా నాన్న కొత్త పట్టీ కట్టుకుని కూర్చోవాలి అన్నాడు. పులి పెద్దగా ఉండాలి, కోరలు కనబడాలి, నోట్లో పొట్టేలు ఉండాలి. పొట్టేలు ఎలా ఉండాలని ఆమె నా చేత అడిగించింది. "పొట్టేలుదేముంది, ఎలా ఉన్నా ఫర్వాలేదు" అన్నాడు వాడు. ఆమె ఆ మాటని నా చేత రెండుసార్లు చెప్పించుకుంది. సరిగ్గా వినబడలేదేమో అనుకున్నాను. ఆమెకి హు మాటలు నాకంటే బాగా వచ్చని ఆ వేళ నాకు తెలీదు.

ముప్పై రెండేళ్ళ కిందట అదే చెరువు ఒడ్డున అయిలున్ వాళ్ళ నాన్నకి మంచి మంద ఉండేది. ఆయన పేరు తొబుక్. పిచ్చుక తోక చీలిక ఆయన గుర్తు. ఒక చలికాలం చివర మూడు రోజులు మంచుగాలి కొట్టింది. గాలికి చెదిరిన మంద గాలి వాలునే నడుస్తుంది. తొబుక్ గొర్రెలు అరవై దాకా బోర్కు గుడారాల దగ్గరికి పోయాయి. బోర్కు మంద అప్పటికే సగం చచ్చింది. గాలి ఆగాక తొబుక్ వెతుక్కుంటూ వెళ్తే ఒక్క చీలిక చెవీ కనబడలేదు. అన్నీ పొట్టి చెవులు, అంచుల్లో నెత్తురు కట్టి ఉన్నాయి.

"ఈ చలికి చెవులు రాలిపోయాయన్నా" అన్నాడట బోర్కు.

అలా రాలడం ఉంది. పసి గొర్రెలకి గట్టి మంచులో చెవి కొసలు చచ్చి రాలతాయి. అందుకే ఆ అబద్ధం నిలబడింది. పైగా బోర్కు నలుగురినీ పిలిచి, నా మందలోంచి తోలుకుపోవడానికి వచ్చాడని తొబుక్ మీదే నేరం తిప్పాడు. పెద్దలు కూర్చున్నారు. చెవి లేని గొర్రె నోరు విప్పి చెప్పదు కదా. తొబుక్‌ని దొంగ అన్నారు. ఒక బండీ ఒక ఎద్దూ ఇచ్చి వెళ్ళగొట్టారు.

బండి గోడ కిందకి చేరింది. ఆ పై చలికాలం అక్కడే ఆయన పోయాడు. పదకొండేళ్ళ పిల్లని సిపాయిలు తెచ్చి కంచు కొలిమిలో మన్ను పిసకడానికి పెట్టారు. మన్నులోంచి మైనంలోకి, మైనంలోంచి ఆ ఇంటి పెద్ద కొడుకు పెళ్ళాం స్థానంలోకి వచ్చింది. ఊళ్ళో అందరికీ ఆమె హు వదిన. ఆమె ఏ చెరువు ఒడ్డు మనిషో ఎవరూ అడగలేదు.

ఇందులో ఆమెని కాల్చింది మంద పోవడం కాదు. చావు కూడా కాదు. గుర్రాలు బలిసిన నెలలో అందరూ కలిసినప్పుడు చెరువు ఒడ్డున పెద్దలు పాల గిన్నె చేత్తో పట్టుకుని చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పేరు పిలిస్తే అక్కడ ఉన్నవాళ్ళు "ఉన్నాడు" అంటారు, పాలు చల్లుతారు. దొంగ అనిపించుకున్నవాడి పేరు పిలవరు. పిలవని మనిషి చచ్చినవాళ్ళ గుంపులో కూడా కలవడు, ఒంటరిగా తిరుగుతుంటాడు.

"ముప్పై రెండు ఏళ్ళు," అంది. "ఒక్కసారి పిలవలేదు. పిలిపిస్తాను. వాడి కడుపు మీద పెట్టి పిలిపిస్తాను."

ఇంకొకటి చూపించింది. బిళ్ళ తిప్పితే వెనక వైపు గుడ్డ నేత అచ్చు పడి ఉంది. పల్చటి మైనం వంగిపోకుండా వెనక తడి గుడ్డ వేసి నొక్కుతారు, ఆ నేత కంచులోకి దిగుతుంది. అందరి బిళ్ళలకీ ఉండేదే. దీనికి వేసిన గుడ్డ మాత్రం తొబుక్ నార చొక్కా ముక్క. ఇన్నేళ్ళూ దాచింది. ఆ వైపు బోర్కు పొట్టకి తగులుతుంది.

ఐదో రోజు యెషిన్ వచ్చాడు. కళాయి పూసిన బిళ్ళలు చంద్రుడి ముక్కల్లా తెల్లగా ఉన్నాయి. వాడు గోటితో పూత గీకి చూశాడు, పులి కోరల్ని వేలితో నొక్కి చూశాడు, బరువు చూశాడు. గోంగ్ షౌ పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాడు. చెవుల సంగతి ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని. వాడు అడగలేదు. వాళ్ళింట్లో గొర్రెపిల్లలకి చెవి కోయడం పనివాళ్ళ పని. పెద్దింటి పిల్లాడు గుర్రం మీంచి దిగకుండా పెరిగాడు. "పులి బాగుంది" అని ఖరీదు కింద రెండు గుర్రాలు కట్టి వదిలి వెళ్ళిపోయాడు. గోంగ్ షౌ గట్టిగా ఊపిరి వదిలి, "హు జనానికి జత అంటే తెలీదు వదినా, బతికిపోయావు" అన్నాడు. ఆమె కొర్ర జావ రెండు గిన్నెలు తాగింది. ఆమె రెండో గిన్నె తాగడం నేనెప్పుడూ చూడలేదు.

గుర్రాలు బలిసిన నెలలో నన్ను చెరువు దగ్గరికి రమ్మన్నారు. గోడ మీది కాపలా అధికారిని కూడా పిలిచారు, అతనికి మాట చెప్పడానికి దుబాసీ కావాలి. వెళ్ళాను. వెళ్ళకుండా నన్ను కట్టేసినా తెంచుకుని పోయేవాణ్ణి.

బోర్కుని అప్పుడే మొదటిసారి చూశాను. పెద్ద మనిషి, తెల్ల గడ్డం. జీవితమంతా మంచు మెరుపు చూసీ చూసీ కళ్ళకి పొరలు కమ్మాయి. మనుషుల్ని గొంతుతో గుర్తుపడుతున్నాడు. తెల్ల ఉన్ని పట్టా మీద కాళ్ళు మడిచి కూర్చున్నాడు. నడుం మీద జత బిళ్ళలు ఎండకి మండుతున్నాయి. అప్పుడప్పుడూ బొటనవేలితో పులి కోరలు తడిమి చూసుకుంటున్నాడు. పట్టీ కట్టుకున్నవాడికి బొమ్మ తలకిందులుగా కనబడుతుంది. ఎదుట కూర్చున్నవాళ్ళకే తిన్నగా కనబడుతుంది. ఇతనికైతే ఎలాగూ కనబడదు.

ఎదుట మొదటి వరసలో ముసలివాళ్ళు. పులిసిన గుర్రప్పాల గిన్నె ఆ చివర్నించి తిరుగుతూ వస్తోంది. మూడో మనిషి దగ్గర ఆగింది. ఆయన గిన్నె పట్టుకుని బోర్కు నడుం వైపే చూస్తున్నాడు. ఎడం బిళ్ళ, కుడి బిళ్ళ, మళ్ళీ ఎడం బిళ్ళ. పక్కవాడు కూడా చూశాడు. మాటలు ఒక్కో నోట్లో ఆగిపోతూ వచ్చాయి. వెనక వరసవాళ్ళు మెడలు చాపారు. నా పక్కన కాపలా అధికారి ఏమైందని అడిగాడు. ఏం లేదు, పులి బాగుందంటున్నారు అన్నాను.

"ఏంటి, అందరూ చచ్చారా?" అన్నాడు బోర్కు నవ్వుతూ. "పాటేది?"

ఉర్గె అనే ముసలమ్మ, పళ్ళు లేవు, ఆ చెరువు ఒడ్డున అందరికంటే పెద్దది, చేతికర్ర మీద ముందుకి వంగింది.

"మళ్ళీ మంచు పడ్డట్టుందిరా బోర్కూ. ఈసారి ఒక్క చెవే రాలింది."

బోర్కు నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. బొటనవేలు కదిలింది. పులి కోరలు దాటింది, పొట్టేలు మెడ దాటింది, కొమ్ము చుట్టూ తిరిగి చెవి మీదికి వచ్చింది. వేల గొర్రెపిల్లల చెవులు పట్టుకుని కోసిన వేలు అది. కళ్ళు పోయినా ఆ వేలికి మరుపు లేదు. చీలిక దగ్గర ఆగింది. తర్వాత రెండో బిళ్ళ మీదికి వెళ్ళింది. తెగిన అంచు దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

అప్పుడు అతను ఇదేం తప్పు పని, కొలిమివాడు మోసం చేశాడు అని అరిచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. అరవలేదు. రెండు అరచేతులూ తెచ్చి రెండు బిళ్ళల మీదా కప్పుకున్నాడు. ఎండలో నాలుగు వందల మంది ఎదుట. తప్పు చేసినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యి అలా పెట్టడు.

ఎవరు చేశారివి అని ఒక ముసలాయన అడిగాడు. యెషిన్ నా వైపు చూశాడు. అందరూ నా వైపు చూశారు.

"తొబుక్ కూతురు" అన్నాను.

ఆ రోజు పెద్దరికం ఇచ్చే మాట ఎవరూ ఎత్తలేదు. వెలివేస్తామనీ ఎవరూ అనలేదు. పాల గిన్నె తీసుకుని పేర్లు పిలవడం మొదలెట్టారు. అన్నీ అయ్యాక ఉర్గె ముసలమ్మ కర్ర నేల మీద కొట్టి "తొబుక్" అంది. తర్వాత ఒకచోట, ఇంకోచోట, చివరికి అన్ని వైపుల నించీ "ఉన్నాడు" అన్నారు. ఆ అన్నవాళ్ళలో బోర్కు కూడా ఉన్నాడు. అతని గొంతు నాకు వినబడింది.

వచ్చి అంతా చెప్పాను. ఆమె మైనం చెక్కుతూనే వింది. పేరు పిలిచారన్నప్పుడు కత్తి పక్కన పెట్టింది, మళ్ళీ తీసుకుంది. చేతులు కప్పుకున్నాడన్న దగ్గర మాత్రం ఎలా కప్పుకున్నాడో చేసి చూపించమంది. చూపించాను. ఇంకోసారి అంది. ఇంకోసారి చూపించాను. నాకు తెలిసిన ఆడవాళ్ళలో ఇంత తృప్తిగా ఒక మనిషి సిగ్గుని తిన్నది ఈమె ఒక్కతే. దాన్ని నేను తప్పు పట్టను. నేనైతే మూడోసారి కూడా అడిగేవాణ్ణి.

మంచు కరిగే రోజుల్లో యెషిన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి గుర్రం బయట కట్టేసి, బిళ్ళలు చేత్తో పట్టుకుని నడిచి లోపలికి వచ్చాడు. వాళ్ళ నాన్న తిండి మానేశాడు, ఇవాళో రేపో అన్నట్టున్నాడు. పదిమందిలో కట్టుకున్న పట్టీయే మనిషితోపాటు మట్టిలోకి పోవాలి. మార్చాలంటే చేసిన చెయ్యే మార్చాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. అందుకే వచ్చాడు. నన్ను పక్కకి జరగమన్నట్టు చూసి, ఆమెతో నేరుగా వాళ్ళ మాటల్లోనే మాట్లాడాడు.

"అత్తా, చెవులు రెండూ ఒకేలా చెయ్యి. మా నాన్న అడగమన్నాడు. అరవై గొర్రెలు తోలిస్తానన్నాడు."

"చీలిక చెవులవా, పొట్టి చెవులవా?" అంది.

వాడు నేల చూశాడు. గోంగ్ షౌకి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. ఆకురాయి పట్టుకుని ముందుకొచ్చాడు. "అర పూట పని వదినా. రెండు చెవులూ నున్నగా రాసేస్తే అయిపోతుంది. మొదటే చెప్పాను కదా." ఆమె ఆకురాయి అతని చేతిలోంచి తీసుకుని తన కాలి కింద పెట్టుకుంది.

"ఒకేలా చేస్తాను బాబూ," అంది యెషిన్‌తో. "ఎలా చెయ్యాలో నువ్వు చెప్పు. రెండూ చీలిస్తే మీ నాన్న మా నాన్న పొట్టేళ్ళు రెండు తిన్నట్టు. రెండూ తెగ్గోస్తే మీ పొట్టేళ్ళనే పులి తిన్నట్టు. ఏది కావాలి?"

"గుర్తు లేని చెవి చెయ్యి."

"గుర్తు లేని పొట్టేలు ఎవడిదీ కాదు. మీ నాన్న ఎవడిదీ కానిది తిన్నాడా?"

వాడు చెడ్డవాడు కాదు, అది నేను చెప్పాలి. వాడు పుట్టకముందు జరిగిన పని ఇది. బిళ్ళలు గుడ్డలో చుట్టుకుని, పొట్టేలు ఎలా ఉన్నా ఫర్వాలేదని నేనే అన్నాను కదా అనుకుంటూ వెళ్ళాడు. ఆ మాట ఆమెకి వినబడాలనే అన్నాడు. ఆమె తల ఊపింది.

వదిలెయ్యొచ్చు కదా అత్తా అన్నాను నేను. పేరు పిలిచారు, అతను ఎలాగూ పోతున్నాడు.

"పోతున్నాడనే వదలను," అంది. "వాడు పోయేది మా నాన్న ఉన్న చోటికే. ఆయన ఇన్నేళ్ళు ఒంటరిగా తిరిగి ఇప్పుడిప్పుడే గుంపులో కలిశాడు. బోర్కు వస్తుంటే మా నాన్న ఎదురుగా నిలబడతాడు. వీడి నడుం చూడాలి, తన పొట్టేల్ని గుర్తుపట్టాలి."

ఆకురాయి తీసి మొలలో దోపుకుంది. రేపు పొద్దున్నే నన్ను చెరువు దగ్గరికి బయల్దేరి, బోర్కు పోయేదాకా అక్కడే ఉండమంది. యెషిన్ దొంగచాటుగా చెవులు రాయించినా రాయిస్తాడు, నేను చెయ్యాల్సింది ఒక్కటేనంది.

"వాడి మీద మన్ను పడే ముందు దగ్గరికి వెళ్ళు. ఏడుస్తున్నట్టు వంగు. ఎవరేమన్నా లేవకు. చెవులు రెండూ నేను చేసినట్టే ఉన్నాయో లేదో నీ బొటనవేలితో తడిమి చూసి రా."